ఎదురు వంకర

ఎడ్డెమంటే తెడ్డెమనే మనుషుల్ని మీరూ చూసే ఉంటారు. కానీ ఈ కథలో మావగారి లాంటి మనిషిని చూసి ఉండరు, పందెం. ఆయన డ్రైవింగ్ మాస్టారు. ఉద్యోగ జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, స్టీరింగ్ పట్టినవాడు ఏం చేసినా "కాదు" అంటూ బతికారు. రిటైరయ్యాక బండి పోయింది, బ్రేకు పోయింది, నోట్లో "కాదు" మాత్రం మిగిలింది. వీధిలో అందరూ ఆయన్ని కాదు మాస్టారనేవాళ్ళు. మొహం మీదే అన్నా కోపం తెచ్చుకునేవారు కాదు. "కాదు, నా పేరు అది కాదు" అని నవ్వి వెళ్ళిపోయేవారు.

అలాంటి మనిషితో అత్తగారు ఒక జీవితకాలం కాపురం చేసింది. ఊరికే చేయలేదు, ఒక పద్ధతి కనిపెట్టి మరీ చేసింది. కిటికీ తెరిపించాలంటే, "కిటికీ మూసే ఉంచండి, దుమ్మొస్తుంది" అనేది. "కాదు, గాలాడాలి" అని ఆయన లేచి తెరిచేవారు. నడకకి పంపాలంటే, "ఇవాళ ఇంట్లోనే కూర్చోండి" అనేది. ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కునేవారు. కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు ఆవిడ వంటగదిలోకి పిలిచి, గుసగుసగా ఆ విద్య అప్పగించింది.

"చూడమ్మాయ్, మీ మావయ్యకి తిన్నగా చెప్తే వంకరగా వెళ్తారు. నువ్వే కాస్త వంకరగా చెప్పు, తిన్నగా వెళ్తారు."

కోడలు పడీ పడీ నవ్వింది. ఎందుకంటే ఆమె ఉద్యోగమూ సరిగ్గా అదే.

రేపో ఎల్లుండో రాబోయే వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద పనిచేసే లాబులో ఆమె ఇంజినీరు. ఆ నెట్‌వర్కుల్లో ఊరికో పెద్ద టవరుతో సరిపోదు, వీధి వీధికీ చిన్న రేడియోలు కావాలి. అన్ని రేడియోలు కావాలంటే చవగ్గా చేయాలి, చవగ్గా చేస్తే అవకరాలు తప్పవు. అందులో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి యాంప్లిఫయరు. మెల్లగా మాట్లాడమంటే బుద్ధిగా మాట్లాడుతుంది. గొంతు పెంచమంటే చాలు, మాట వంకర పోతుంది. వంకర పోయిన సిగ్నల్ తన ఛానెల్లో తాను కుదురుగా ఉండదు, పక్క ఛానెల్లోకి ఒలుకుతుంది. మనకది ఒలికిందంతే, పక్కవాళ్ళకి అది చెవులు చిల్లులు పడే రొద.

దీనికి మందేమిటంటే, ఆ యాంప్లిఫయరు ఎటు ఎంత వంగుతుందో ముందే కొలవాలి. సిగ్నల్‌ని సరిగ్గా దానికి ఎదురు వైపు అంతే వంచి లోపలికి పంపాలి. లోపల రెండు వంకరలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బయటికి మాట తిన్నగా వస్తుంది. లాబులో దీన్ని ఎదురు వంకర అంటారు. ఆ పనిలో ఆమెది అందె వేసిన చెయ్యి. అందుకే అక్కడందరూ ఆమెను సవరణమ్మ అనేవాళ్ళు. "సవరణమ్మ చెయ్యి పడ్డ రేడియోని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు" అన్నది లాబులో వేదవాక్కు. ఆమె కూడా ఆ మాట నమ్మింది. పొగడ్త కదా, ఎవరికి చేదు?

"మీ పాత బండి ఎడమకి లాగేది కదా మావయ్యా, మీరు స్టీరింగ్ కాస్త కుడికి పట్టేవారు. నా ఉద్యోగం అంతే" అని ఒకసారి ఆయనకి చెప్పబోయింది.

"కాదు" అన్నారు మాస్టారు. "కుడికి లాగేది. నేను ఎడమకి పట్టేవాణ్ణి."

వంటగదిలోంచి అత్తగారి నవ్వు వినపడింది.

ఆ నవ్వు కిందటేడు ఆగిపోయింది. పెద్ద జబ్బేమీ చేయకుండానే, ఒక మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. ఇల్లు మూగబోయింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు, అది తెరిచుందా మూసుందా కూడా చూసేవారు కాదు. అత్తగారి చీరలు చుట్టాలు తీసుకున్నారు, గాజులు బీరువాలో ఎత్తిపెట్టారు. పద్ధతి మాత్రం కోడలికి దక్కింది.

అది ఎంతవరకు పనిచేస్తోందో ఎవరూ చూసుకోలేదు. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను. సవరణమ్మ పద్ధతి ప్రకారం, "ఇవాళ నడకకి వెళ్ళకండి మావయ్యా" అనేది. ఆయన వెళ్ళేవారు కాదు. పాపం, దిగులుతో ఓపిక లేదు కాబోలు అనుకునేది. "ఈ పండు పుల్లగా ఉంది, మీరు తినలేరు" అనేది. ఆయన పక్కన పెట్టేసేవారు. అయ్యో, ఆకలి కూడా చచ్చిపోయిందే అని బాధపడేది. ప్రతిదానికీ ఒక కారణం దొరికేది. పద్ధతి మీద మాత్రం ఇసుమంతైనా అనుమానం రాలేదు. మనం పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా!

ఇలా ఉండగా మాస్టారి కళ్ళ సంగతి బయటపడింది. గుమ్మాలకి భుజం తగలడం, పక్కన పెట్టిన గ్లాసు చేత్తో తోసేయడం చూసి కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ లైట్లు వేసి చూసింది, గడ్డం ఆనించమని చూసింది, చుక్కలు మెరిసే యంత్రంలో పెట్టి చూసింది. చివరికి కుర్చీ ముందుకు లాక్కుని చెప్పింది.

"కంట్లో ఒత్తిడి పెరిగిపోయింది. ఇది చూపుని పక్కల నుంచి కొంచెం కొంచెంగా తినేస్తుంది. తిన్నంత మేర మళ్ళీ రాదు. చుక్కల మందు సరిపోవడం లేదు. రెండు కళ్ళకీ ఆపరేషన్ చేస్తే, ఉన్న చూపు నిలబడుతుంది. కుడి కంటికి తొందర ఎక్కువ. పెద్దాయన ఊ అంటే రోజు ఖాయం చేద్దాం."

కొడుకు, అంటే సవరణమ్మ భర్త, బస్సు డిపోలో టైమ్ చూసే ఉద్యోగి. వందల బస్సుల్ని ఒక్క ఈలతో కదిలించగలడు కానీ కన్నతండ్రిని కుర్చీలోంచి కదిలించలేడు. భార్యని పక్కకి పిలిచాడు.

"నేను చెప్తే అడ్డం తిరుగుతారు. నువ్వే చెప్పు. అమ్మ తర్వాత ఆ విద్య నీకే వచ్చు."

సవరణమ్మ వరండాలోకి వచ్చి మావగారి పక్కన బెంచీ మీద కూర్చుంది. నిట్టూర్పు కూడా నటించింది.

"ఎందుకులెండి మావయ్యా, ఈ వయసులో కత్తులూ కటార్లూ? చుక్కలు వేసుకుంటూ పోదాం."

"కాదు" కోసం చెవి రిక్కించింది. మాస్టారు ఎదురు గోడకేసి కాసేపు చూశారు.

"సరే అమ్మా" అన్నారు.

ఆటోలో మొగుడూ పెళ్ళాం కళ్ళతోనే మాట్లాడుకున్నారు. "నానబెట్టాలి. రెండు రోజులాగితే ఆయనే లేచి కూర్చుంటారు" అని ఇంటికొచ్చాక ఆమె ధైర్యం చెప్పింది. రెండు రోజులు పోయాయి, వారాలు గడిచాయి. మాస్టారు లేచి కూర్చోలేదు.

అదే రోజుల్లో లాబులోనూ గోల మొదలైంది. ట్రయల్ కోసం చుట్టుపక్కల డాబాల మీద రేడియోలు పెట్టారు. అందులో ఒకదాని పేరు గయ్యాళి, గొంతు పెద్దదని. పక్క ఛానెల్ వేరే జట్టుది. వాళ్ళవి చిన్న చిన్న సెన్సర్లు. నీటి గొట్టాల మీదా, లిఫ్టుల్లోనూ అతుక్కుని గుసగుసగా మాట్లాడతాయి. "మీ గయ్యాళి ఒలికి మా వాటి మాట ముంచేస్తోంది" అని ఆ జట్టు ఇంజినీరు రోజూ వచ్చి కూర్చునేవాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. వాడి రేడియోల్లాగే వాడూ అనుకునేది సవరణమ్మ.

"మా వైపు తప్పు లేదండీ. ఆడలేక మద్దెల ఓడు అంటే ఎలా?" అని మొదట గదమాయించింది. కానీ తెర మీద గీత అబద్ధం చెప్పదుగా? పక్క ఛానెల్లోకి నిజంగానే మోపెడు ఒలుకుతోంది. సరే, గయ్యాళి ముదిరింది, వంకర పెరిగింది కాబోలని ఎదురు వంకరని ఒక మెట్టు పెంచింది. ఒలకడం తగ్గలేదు. ఇంకో మెట్టు పెంచింది. సన్నటాయన ఆ సాయంత్రమే మళ్ళీ వచ్చాడు.

"ఇంకాస్త ఎక్కువైందండీ" అన్నాడు, తనదే తప్పన్నట్టు.

బోర్డులకి టంకం పెట్టే స్నేహితురాలు, లాబులో అందరికీ సోల్డరక్క, తన బల్ల దగ్గర్నుంచి కిసుక్కుమంది. సవరణమ్మకి ఒళ్ళు మండింది.

అలా మండిన ఒంటితోనే ఆ శనివారం ఇంటికొచ్చింది. మాస్టారు టీవీకి మూరెడు దూరంలో కూర్చుని, తల పక్కకి తిప్పి, ఎడమ కంటితో వార్తలు చూస్తున్నారు. ఆమెకి జాలీ కోపమూ కలిసి వచ్చాయి. ఈ మొండితనాన్ని ఇవాళ తేల్చేస్తాననుకుంది. ఇక్కడా ఒక మెట్టు పెంచింది.

"ఆపరేషన్ వద్దనుకోవడమే మంచిదైంది మావయ్యా. ఆస్పత్రి చుట్టూ తిరగాలంటే మాకెక్కడ తీరిక? అయినా మీకింక చూడాల్సినవి ఏమున్నాయి? అన్నీ చూసేశారుగా!"

అత్తగారైతే ఆ మాట నవ్వుతూ అనేది, మాస్టారు ఎగిరిపడేవారు. "కాదు! నాకింకా బోలెడున్నాయి చూడాల్సినవి!" అని ఆస్పత్రికి నడిచే వెళ్ళేవారు. సవరణమ్మ ఆ ఎగిరిపాటు కోసం నిలబడింది. మాస్టారు రిమోట్ తడుముకుని టీవీ కట్టేశారు.

"నిజమేనమ్మా" అన్నారు.

ఆ మాట ఆమెకి ఎక్కడో చురుక్కుమంది. కానీ బట్టలు తడిసిపోతున్నాయని ఎవరో అరిస్తే డాబా మీదికి పరిగెత్తింది. ఆ చురుకు అక్కడితో మరుగున పడింది. ఇలాంటివి బట్టలు ఆరేసే తీగల దగ్గరే పోతాయి, ఏం చేస్తాం!

సోమవారం లాబు పెద్ద సారు తీర్పు చెప్పాడు. వారం తిరిగేలోగా ఒలకడం ఆగకపోతే గయ్యాళిని దించేయమన్నాడు. సవరణమ్మకి అది పరువు సమస్యైంది. సన్నటాయన్ని పిలిచి, తెర ముందు కూర్చోబెట్టి, లాబంతా వినేలా గొంతు పెంచింది.

"మీరేదో నా సవరణే సరిగ్గా లేదన్నట్టు మాట్లాడుతున్నారు. అసలిది లేకపోతే మీ గతేమిటో చూపిస్తాను, ఉండండి. ఇదిగో, ఎదురు వంకర మొత్తం తీసేస్తున్నా. చెవుల్లో దూది పెట్టుకోండి."

మీట నొక్కింది. పక్క ఛానెల్లో కొండలా లేచి ఉన్న గీత చప్పున కిందికి జారి నేలకి అంటుకుంది.

 సన్నటాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"చాలా బాగుందండీ" అన్నాడు మర్యాదగా. "ఇలాగే ఉంచేయండి."

సోల్డరక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. సవరణమ్మ మీటని వేసీ, తీసీ, మళ్ళీ వేసీ చూసింది. వేస్తే రొద, తీస్తే నిశ్శబ్దం. తర్వాత డాబా ఎక్కి, గయ్యాళిని విప్పి, మొదటి రోజు కొలిచినట్టే మళ్ళీ కొలిచింది. సంగతి తేలింది. ట్రయల్ రెండో దశలో దాని మీద భారం తగ్గించారు, లోపలి అమరిక మార్చారు. బరువు దిగిన యాంప్లిఫయరు ఎప్పటినుంచో దాదాపు తిన్నగానే మాట్లాడుతోంది. ఆమె రాసిన ఎదురు వంకర మాత్రం, లేని పాత వంకర కోసం, తిన్నగా ఉన్న మాటని పట్టుకుని వంచుతూనే ఉంది. ఒలుకుతున్నది గయ్యాళి వంకర కాదు, తన సవరణే. తాను మెట్టు మెట్టుకీ పెంచింది కూడా దాన్నే.

ఇక్కడ ఆమెకి జ్ఞానోదయమై, ఉన్నపళంగా ఇంటికి పరిగెత్తిందని రాస్తే కథ భలే అందంగా ఉంటుంది. అలాంటిదేం లేదు. ఆమెకి ఆకలేసింది. క్యాంటీన్లో సోల్డరక్క ఎదురుగా కూర్చుని రొట్టె నమిలింది, తనను తాను నాలుగు తిట్టుకుంది. ఇకమీద ప్రతి రేడియోకీ వెనక ఒక చిన్న చెవి పెట్టాలని నిర్ణయించుకుంది. బయటికి ఏం పోతోందో అది ఎప్పటికప్పుడు విని చెప్పాలి, దాన్నిబట్టే సవరణ మారాలి.

"నువ్వు బాగా చేశావనే దాన్నెవరూ మళ్ళీ చూడలేదే" అంది సోల్డరక్క. "అదే కొంప ముంచింది."

"నేనూ చూడలేదుగా అక్కా."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాన వెలిసి చలిగాలి తిరిగింది. మాస్టారు వసారాలో నిలబడి ఉన్నారు. ఒంటి మీద స్వెట్టరుంది కానీ గుండీలు పెట్టుకోలేదు. ఆమె చెప్పులు విప్పుతూ, ఆలోచించకుండానే, నోటికి అలవాటైనట్టు అనేసింది.

"చలేం లేదుగా మావయ్యా, స్వెట్టరెందుకు? తీసేయండి."

లోపలికి వెళ్ళి సంచి పెట్టి, మొహం కడుక్కుని వచ్చింది. మాస్టారు స్వెట్టరు తీసేసి, మడిచి, కుర్చీ వీపు మీద జాగ్రత్తగా పెట్టారు. పల్చటి చొక్కాతో నిలబడి ఉన్నారు. మోచేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కింది పెదవి వణుకుతోంది. ఆమె చూస్తోందని తెలిసి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, ఏమీ లేనట్టు వీధికేసి తిరిగారు.

సవరణమ్మకి మీట నొక్కిన చప్పుడు మళ్ళీ వినపడినట్టయింది. కొండలా లేచిన గీత, నేలకి జారిన గీత. వెళ్ళకండి అంటే వెళ్ళని నడక, పుల్లనంటే పక్కన పెట్టిన పండు. ఎందుకులెండి అంటే సరే. చూడాల్సినవి ఏమున్నాయంటే నిజమేనమ్మా. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. ఏడాదిగా ఒక్కసారీ అనలేదు. దేవుడా! ఈ మనిషిలో వంకర ఎప్పుడో పోయింది. తాను అన్న ప్రతి మాటనీ ఆయన ఉన్నదున్నట్టే విన్నారు. విన్నట్టే నమ్మారు. 

స్వెట్టరు తీసుకుని వెళ్ళి ఆయన భుజాల మీద కప్పింది. గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

"మావయ్యా, ఆ రోజు ఆపరేషన్ వద్దన్నారు. ఎందుకన్నారు?"

"నేననలేదమ్మా. నువ్వన్నావు" అన్నారు మాస్టారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే ఆమెని కోసేసింది. "ఆలోచించాను. నువ్వు చెప్పింది సబబే అనిపించింది. మీ ఇద్దరికీ క్షణం తీరికుండదు. నేను చూడాల్సిన మొహమేమో వెళ్ళిపోయింది. ఇంక కళ్ళెందుకు?"

"అయ్యో మావయ్యా! నేను మనసులో అనుకుని అన్న మాట కాదది. అత్తయ్య నేర్పింది. వద్దంటే మీరు కావాలంటారని... తిన్నగా చెప్తే వినరని..."

 మాస్టారు కుర్చీ తడుముకుని కూర్చున్నారు.

"మీ అత్త నన్ను తిప్పుతోందని నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. "పెళ్ళైన కొత్తల్లోనే తెలిసింది. కిటికీ తెరిపించాలంటే మూసే ఉంచమనేది. నేను కాదని తెరిచేవాణ్ణి. గెలిచానని అటు తిరిగి నవ్వుకునేది. ఆ నవ్వు కనపడాలని అద్దం ఉన్న వైపే నిలబడేవాణ్ణి."

"మరి నేను కూడా అలాగే అనేదాన్ని కదా మావయ్యా, అప్పట్లో."

"అప్పట్లో మీరిద్దరూ కలిసి ఆడేవారు. ఆట ఆవిడతోనే పోయిందనుకున్నాను. ఇంక కాదని ఎవరితో అనను? అన్నా ఎవరు నవ్వుతారు?" ఆయన స్వెట్టరు అంచు లాక్కున్నారు. "నువ్వు చదువుకున్నదానివి, ఉన్నదున్నట్టు చెప్తావనుకున్నానమ్మా."

ఆమె వసారా మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, భయంతో ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, చెప్పాల్సింది తిన్నగా చెప్పడానికి నోరు తెరిచింది.  ఇన్నేళ్ళ అలవాటు కదా, నాలుక తనంతట తానే వంకర తిరగబోయింది. పళ్ళ బిగువున సరిచేసుకుంది.

"ఆపరేషన్ చేయించుకోండి మావయ్యా. మీకు చూపుండాలి. నాకు తీరిక ఉంది, లేకపోతే చేసుకుంటాను. మీరు మాకు కావాలి."

వింటే ఎంత చప్పటి మాటలో చూడండి. కానీ ఆ ఇంట్లో ఆయనతో ఎవరైనా అలా మాట్లాడటం అదే మొదటిసారి. మాస్టారు తల ఆమె వైపు తిప్పారు. కనపడే కంటికి ఆమె మొహం అందేదాకా తిప్పారు.

"సరే అమ్మా" అన్నారు.

భర్త డ్యూటీ నుంచి వచ్చాక అంతా చెప్పింది. అతను షూ లేసు సగం విప్పి అలాగే ఉండిపోయాడు. "అమ్మకి తెలుసంటావా, ఆయనకి తెలుసని?" అని అడిగాడు. ఆమెకి తెలియదు. ఇంక ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ మళ్ళీ లైట్లు వేసి చూసింది, మళ్ళీ ఆ చుక్కల యంత్రంలో పెట్టింది. ఈసారి కుర్చీ ముందుకు లాక్కోలేదు.

"కుడి కంట్లో ఇంక నిలబెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అప్పుడే వచ్చి ఉంటే చాలా మిగిలేది. ఎడమది కాపాడొచ్చు. ఈ వారమే చేసేద్దాం. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

కొడుకు నేల చూపులు చూశాడు. సవరణమ్మ చెప్పబోయింది. మాస్టారు ఆమె కన్నా ముందే అందుకున్నారు.

"మాలో మాకు మాట సరిగ్గా అందలేదండీ. ఇప్పుడందింది."

ఎడమ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఆ రోజుల్లో సవరణమ్మ లాబుకి సగం పూటే వెళ్ళేది. వెళ్ళిన పూట ఒక్కో డాబా ఎక్కి ఒక్కో రేడియోకీ వెనక చెవి అమర్చి వచ్చేది. గయ్యాళి దిగాల్సిన పని లేకపోయింది. సన్నటాయన గొడవకి కాకుండా టీకి రావడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆమె మాట కొత్తగా నేర్చుకున్నదానిలా ఉండేది. "చలిగా ఉంది, స్వెట్టరు వేసుకోండి మావయ్యా" అనేది. అని, ఆయన ఏమంటారోనని ఆగి, మొహం చూసేది. ఆ ఆగడం అంతకుముందు లేదు.

ఎడమ కంటి మీద పెట్టిన కవచం తీసేసిన రోజున ఆస్పత్రి నుంచి ముగ్గురూ బయటికి వచ్చారు. భర్త ఆటో పిలవడానికి ముందు నడిచాడు. కింద రద్దీగా ఉంది. మెట్ల మీద మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఎవరో చక్రాల కుర్చీ తోసుకొస్తున్నారు. సవరణమ్మ మావగారి ఎడమ చెయ్యి పట్టుకుంది.

"కాదు" అన్నారు మాస్టారు.

ఆమె మొహం వెలిగిపోయింది. ఏడాది తర్వాత వచ్చిన మాట! ముందు వెళ్తున్న భర్త కూడా విని, వెనక్కి తిరిగి ఇంత నవ్వు నవ్వాడు. వచ్చేశారు మా కాదు మాస్టారు అనుకుంది ఆమె. కాదంటే అవునని కదా లెక్క! చెయ్యి వదలకుండా ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

మాస్టారు కదల్లేదు. చక్రాల కుర్చీ ఆయన కుడి మోచేతిని రాసుకుంటూ పోయింది, ఆయన ఉలిక్కిపడ్డారు.

"కాదమ్మా" అన్నారు మళ్ళీ, మెల్లగా. "కుడి పక్కకి రా. అటు నాకేమీ కనపడదు."

ఆమె చెయ్యి వదిలింది. ఆయన ముందు నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.